కెజియా ఎవరి దగ్గరికి వెళ్తుంది?

అక్టోబరు 3

ఈ రోజు పదకొండు మంది పిల్లల్ని చూశాను. పదకొండు మందీ నెగ్గారు. నాకు అన్నం సయించలేదు.

ఎనిమిదేళ్ళుగా ఈ అద్దం వెనక కూర్చుంటున్నాను. మూడేళ్ళ లోపు పిల్లలు దిగువన ఎండాకాలం బతికి బట్టకట్టడం కష్టమైపోయిన దగ్గర్నుంచీ, వాళ్ళని మార్చి మొదట్లో అనంతగిరి కొండ మీది ఈ చలువ ఇంటికి ఎక్కిస్తున్నారు. అక్టోబరులో దించుతున్నారు. ఏడు నెలలు పిల్లలు ఆయాల చేతుల్లో, అమ్మానాన్నలు దిగువ పనుల్లో. తల్లో తండ్రో బస్సెక్కి వచ్చాక, బిడ్డని వాళ్ళతో పంపవచ్చో లేదో నేను రాసివ్వాలి.

గదిలో ఒక చాప, నాలుగు చెక్క దిమ్మలు, రెండు కుర్చీలు. ఆయా బిడ్డతో కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోతుంది. ఒక నిమిషం బిడ్డ ఒంటరి. తర్వాత తలుపు తెరుచుకుని తల్లి లోపలికి వస్తుంది. ఆ మొదటి అరనిమిషంలో బిడ్డ ఏం చేస్తుందో చూడటమే నా ఉద్యోగం. కాగితంలో మూడే గళ్ళు: వెళ్ళింది, తప్పించుకుంది, పట్టించుకోలేదు.

ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా చెయ్యగా నేను చూడలేదు. ఒకడు తల్లి మీదికి దిమ్మ విసిరి, ఆ తర్వాత ఆవిడ ఒళ్ళోనే పడి ఏడుస్తాడు. ఒకతె వెనక్కి వెనక్కి నడిచొచ్చి వీపు ఆనిస్తుంది. ఇవాళ పదకొండు మందీ లేచారు, నడిచారు, రెండు చేతులూ పైకెత్తారు. బడిలో వ్యాయామం చేయించినట్టుగా.

మొత్తం నలభై ముగ్గురు. కిందికి దిగే బస్సులు పన్నెండో తారీఖున. పొడవు షెడ్డులో దిగిన తల్లిదండ్రులకు పరుపులు చాలలేదు. బయట ఇరవై నాలుగు డిగ్రీలుంటే వాళ్ళు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు.

అక్టోబరు 4

పొద్దున్నే వీడియోలు మెల్లగా తిప్పి చూశాను. పిల్లలు మొహాల వైపు చూడటం లేదు. బట్టల వైపు చూస్తున్నారు.

మార్చిలో బిడ్డని దింపేటప్పుడు తల్లిదండ్రులు తాము కట్టిన బట్ట ఒకటి ఇక్కడ వదిలి వెళ్తారు. వాసన మరిచిపోకూడదని. నిన్న వచ్చిన ప్రతి మనిషికీ ఆయాలు ఆ బట్టే తిరిగిచ్చి, వేసుకుని గదిలోకి వెళ్ళమన్నారట.

కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి సింహాద్రిని పిలిచాను. మా వంటవాడు, పిల్లల గదుల వైపు ఎప్పుడూ రాడు. లోహిత్ అనే రెండేళ్ళవాడి నాన్న చొక్కా తొడిగించి గదిలోకి పంపాను. లోహిత్ ఆయనని ఎన్నడూ చూసి ఉండడు.

లోహిత్ లేచాడు. నడిచాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

సింహాద్రి వాణ్ణి ఎత్తుకుని, అద్దం వైపు తిరిగి, "ఏటమ్మా ఇది?" అన్నాడు. వాడి చేతులు ఆయన మెడ చుట్టూ ఉన్నాయి గానీ, పట్టు లేదు.

అక్టోబరు 5

అప్పలనరసమ్మని పిలిచాను. ఆయాలందరికీ పెద్ద. యాభై దాటిన మనిషి, ఈ ఇల్లు కట్టిన నాటి నుంచీ ఉంది. అబద్ధం చెబుతుందేమోనని ప్రశ్నలన్నీ సిద్ధం చేసుకున్నాను. మొదటిదానికే ఒప్పేసుకుంది.

"నానే నేర్పినాను హైమమ్మా. జూన్ నెల నుంచీ. పొద్దుట రాగిజావ అయిపోగానే ఒకలం బైటికెల్లి, ఆల అయ్య సొక్కాయో, ఆలమ్మ కోకో సుట్టుకుని తలుపు తీసుకుని ఒచ్చీవోలం. సేతులెత్తితే బెల్లంముక్క."

"ఎందుకు నరసమ్మా?"

"నిరుడు ఏడుగుర్ని ఆపీసినారు మీరు. కాయితం రాసీసి గది తాళం ఏసుకుని ఎలిపోనారు. బస్సులెల్లిపోయిన మర్నాడు ఆ ఏడుగురూ తలుపు కాడ కూకున్నారు. ఆల పక్కన కూకున్నది నాను. మీరు కాదు."

ఆ మాట నిజమే. కానీ ఆవిడకు తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ముక్తేశ్ అనే పిల్లవాణ్ణి నెగ్గించి పంపాను. ఆ రోజు నాకు తొందర. ఇంకా తొమ్మిది మంది మిగిలి ఉన్నారు. వాడు తల్లి వైపు నాలుగడుగులు వేశాడు, 'వెళ్ళింది' గడిలో టిక్కు పెట్టాను. నవంబరులో దిగువన మూడు రోజులు వేడిగాలి వీచింది. ఒళ్ళు కాలిపోతున్న పిల్లవాడు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మూడు బారల దూరంలో తల్లి వంకాయలు తరుగుతోంది. ఒంటి వేడి హద్దు దాటితే మోగే పట్టీ వాడి చేతికి ఉంది, అది మోగేసరికి ఆలస్యమైపోయింది. ఆవిడ నాకు ఉత్తరం రాసింది. "వాడు ఏడ్చి ఉంటే నాకు తెలిసేది మేడమ్" అని.

చెప్పాను.

"సచ్చిపోనాడా?" అంది నరసమ్మ. "నాకు సెప్పలేదేటి?"

"నేనూ నీలాగే ఎవరికీ చెప్పలేదు."

"నాను ఆలని ఇంటికి పంపుతున్నాననుకున్నాను," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

అక్టోబరు 6

పై అధికారి ధనుంజయరావు గారికి ఫోన్ చేశాను. చెడ్డమనిషి కాదు. అంతా విని, "రిపోర్టు రాస్తే పరీక్ష మొత్తం రద్దవుతుంది. నలభై ముగ్గురూ వచ్చే అక్టోబరు దాకా అక్కడే ఉండిపోతారు. రాయకపోతే నువ్వే సంతకం పెట్టాలి. ఏది చేస్తావో పన్నెండు లోపల చెయ్యమ్మా," అన్నారు.

మధ్యాహ్నమంతా వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. ఏడాది పాటు ఇక్కడే ఉంచేస్తే ఇప్పుడున్న కాస్త ముడి కూడా తెగిపోతుంది. కళ్ళు మూసుకుని పంపేస్తే ఎవరు గోడకు ఆనుకుంటారో తెలియదు. నర్సు అప్పుడే సూదిమందు పెట్టెలు దింపుతోంది. దిగేముందు ప్రతి బిడ్డకూ తొడ మీద ఒక సూది పడాలి. ఏటా పడేదే.

అక్కడే ఆగిపోయాను. తలుపు తెరుచుకుంటే చేతులెత్తడం నేర్పగలరు. నొప్పి పుట్టినప్పుడు ఎవరి వైపు తిరగాలో ఎవరు నేర్పగలరు?

అక్టోబరు 8

రెండు రోజుల్లో నలభై ముగ్గురికీ సూదులయ్యాయి. గుర్తుబట్టలు విప్పించేశాను. నర్సు గది మధ్యలో. ఒక గోడ దగ్గర తల్లో తండ్రో, ఎదుటి గోడ దగ్గర ఆయా. సూది తీసిన వెంటనే బిడ్డని నేల మీద నిలబెట్టడం. నేనీసారి అద్దం వెనక కూర్చోలేదు, గదిలోనే మూలన నిలబడ్డాను.

ముప్పై ఒక్క మంది ఏడుస్తూ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళారు. ఒకడు తండ్రిని రక్కాడు, ఒకతె పాకుతూ వెళ్ళి తల్లి పాదాల మీద పడుకుంది. ఎవరికి వారే. లోహిత్ కూడా వెళ్ళాడు, వాళ్ళ నాన్న బనీనులో ఉన్నాడు.

పన్నెండు మంది వెళ్ళలేదు. వాళ్ళలో చివరిది కెజియా. ఇరవై నెలల పిల్ల. పిడుగురాళ్ళ నుంచి తండ్రి ఒక్కడే వచ్చాడు. పేరు ఏసోబు. రోడ్ల మీద, మిరప చేల మీద నీడపట్టాలు కట్టే పని. భార్య సలోమికి తొమ్మిదో నెల, ఘాట్ బస్సు ఎక్కే స్థితిలో లేదు. మార్చికి ముందు కూడా పిల్ల తల్లి దగ్గరే ఉండేదట. ఏసోబు ఇంటికి వచ్చేసరికి నిద్రపోయి ఉండేదట.

సూది పడగానే కెజియా గట్టిగా ఏడ్చింది. నరసమ్మ వైపు రెండడుగులు వేసింది. నరసమ్మ పళ్ళు బిగించి మొహం గోడకు తిప్పుకుంది. నేను అలా చెయ్యమనలేదు. పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళాలని తనంతట తానే తిప్పుకుంది. పిల్ల ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది. ఆయన చేతులు చాచి ఉన్నాడు. పిల్ల ఉన్నచోటే కూలబడి ఏడుపు ఆపేసింది. మెల్లగా తగ్గడం కాదు, కుళాయి కట్టేసినట్టు.

ఏసోబు ఊపిరి వదిలాడు. "ఏడుపు మానేసింది గదా మేడమ్. మంచిదే గదా?"

"కాదండీ," అన్నాను.

అక్టోబరు 9

పన్నెండు మంది తల్లిదండ్రుల్ని వరండాలో కూర్చోబెట్టి ముక్తేశ్ సంగతి చెప్పాను. పేరుతో సహా, నా తప్పుతో సహా. ఎవరూ అరవలేదు. ఒక తల్లి మాత్రం, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది.

"పన్నెండున కాకుండా ఇరవై రెండున ఆఖరి బస్సుకు వెళ్దురు గానీ, ఆ పది రోజులు ఇక్కడే ఉండండి. ఆయాలు చేసేవన్నీ మీరు చెయ్యండి. అప్పుడు మళ్ళీ చూద్దాం."

ఐదుగురికి కుదర్లేదు. దిగువన సెలవు దాటితే పనిలో వేరే మనిషిని పెట్టేస్తారు. వాళ్ళు పిల్లల్ని ఇక్కడే వదిలి వెళ్ళడానికి బట్టలు సర్దుకున్నారు. ఆరుగురు ఉంటామన్నారు. ఏసోబు మాత్రం ఎటూ తేల్చుకోలేక నా ఎదుటే భార్యకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినపడింది.

"నువ్వొక్కడివే రాబాకయ్యా. ఎన్నాళ్ళైనా సరే, పాపని తీసుకునే రా."

"నీకు నెప్పులొస్తే ఎట్టా?"

"వస్తే కంటాను. మా అమ్మ ఉండాది గదా. నువ్వుండి ఏం జేస్తావు?"

అక్టోబరు 12

బస్సులు వెళ్ళాయి. ముప్పై ఒక్క కాగితాల మీద సంతకం పెట్టాను. బస్సులు కదిలాకే ధనుంజయరావు గారికి పూర్తి రిపోర్టు కూడా పంపాను: ఆయాలు నేర్పడం, సింహాద్రి, సూది, అన్నీ. నేర్పిన తప్పులో నా పేరే ముందు రాశాను. నా పరీక్ష అంత తేలిగ్గా నేర్పగలిగేది కాకపోతే వాళ్ళు నేర్పేవాళ్ళు కాదు.

అక్టోబరు 15

కెజియా నిన్న మధ్యాహ్నం నుంచి తినలేదు. ఏసోబు గిన్నె పట్టుకుని వెనకాలే తిరుగుతాడు, పిల్ల నోరు బిగిస్తుంది. నరసమ్మని పెరడు దాటి రావద్దన్నాను. ఆవిడ అక్కడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది.

నేను చేస్తున్నది సరైనదేనా? పిల్ల ఏడవడం లేదు. ఏడవకుండా తలుపు వైపు చూస్తోంది. ఈ పూట నాలుగుసార్లు చూసి వచ్చాను. ఐదోసారి వెళ్తుంటే ఏసోబే అడిగాడు.

"నేను ఎత్తుకుంటే కట్టెలాగా బిగుసుకుపోతంది మేడమ్. బరువు నా మీద వెయ్యదు. పసిపిల్లకి అంత గట్టితనం ఎట్టా వస్తది?"

సాయంత్రం నరసమ్మని లోపలికి రానిచ్చాను. పిల్లని ఆమె దగ్గర్నుంచి పీకెయ్యడం నా పిచ్చితనం. నరసమ్మ ఒళ్ళో కూర్చునే, ఏసోబు చేతి ముద్దలు మూడు తింది.

అక్టోబరు 19

మిగిలిన ఆరుగురు పిల్లలు ఒక్కొక్కరే మెత్తబడుతున్నారు. నిన్న ఒకడు కుక్క మొరిగితే తల్లి కొంగులో దూరాడు.

ఏసోబుకు ఆడించడం రాదు. తెలిసిందల్లా తాళ్ళు. పాత దుప్పటి నాలుగు మూలలకూ తాళ్ళు కట్టి పెరట్లో పందిరి లేపాడు. రోజూ ఎత్తు మారుస్తాడు. కెజియా అది చూస్తూ కూర్చుంటోంది. ఇవాళ ఒక తాడు కొస పట్టుకుని లాగింది. పందిరి కూలి ఏసోబు నెత్తిన పడింది. పిల్ల నవ్వలేదు గానీ, మళ్ళీ కట్టేదాకా అక్కడే నిలబడి, మళ్ళీ లాగింది. పదకొండుసార్లు. పన్నెండోసారి కట్టేటప్పుడు ఏసోబు ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

అక్టోబరు 21

రేపు సాయంత్రం ఆఖరి బస్సు. అది పోతే పిల్లలు దిగడం మళ్ళీ వచ్చే అక్టోబరుకే.

పొద్దున పదింటికి కెజియా తడి మెట్ల మీద జారి పడింది. పెదవి పగిలి నెత్తురొచ్చింది. ఏసోబు రెండడుగుల దూరంలో ఉన్నాడు. నరసమ్మ పెరటి చివర బట్టలు ఆరేస్తోంది. నేను వరండాలో ఉన్నాను. ఎవరి దగ్గరికి వస్తుందో చూడాలని ముగ్గురం కదల్లేదు.

పిల్ల లేచింది. ఏడ్చింది. తండ్రి కాళ్ళ పక్కనుంచే పరిగెత్తుకుంటూ పెరడంతా దాటి నరసమ్మ కుచ్చిళ్ళు పట్టుకుంది. నరసమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఏసోబు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "పది రోజులు గదా మేడమ్," అన్నాడు. "కడిగా, తినిపించా. నేను కానేమో దానికి."

నేను ఆఫీసులోకి వెళ్ళి రూల్సు పుస్తకం తీశాను. ఎనిమిదేళ్ళుగా కంఠతా వచ్చనుకున్న పేజీ. 'దిగువన బిడ్డకు తోడుండే మనిషి వద్దకు బిడ్డ ఆపదలో వెళ్ళవలెను' అని ఉంది. తల్లి అని లేదు, తండ్రి అని లేదు. మేమే అలా చదువుకుంటూ వచ్చాం. పుస్తకం పట్టుకుని బయటికొచ్చి, ఇద్దరికీ వినపడేలా ఆ వాక్యం చదివాను. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు.

నరసమ్మ పిల్ల పెదవికి తడిగుడ్డ అద్దుతూనే అంది. "అయితే నానెల్తాను."

"నరసమ్మా, నువ్వు కొండ దిగి పదిహేనేళ్ళయింది. నవంబరులో కూడా అక్కడ ముప్పై తొమ్మిది ఉంటుంది."

"ఈ గుంటపిల్లకి మాత్రం ఉండదేటి?" అని, ఏసోబు వైపు తిరిగింది. "బాబూ, నీ బిడ్డని నాను ఉంచీసుకోను. మార్చిలో నాకు ఇక్కడ పనుంది. అప్పటికి అది నీ కాడికి రావాల. వొస్తాది. అందాకా మీ ఇంట్లో ఓ మూల సోటిస్తే సాలు."

ఏసోబు లేచి వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇట్టా ఇవ్వమ్మా," అని గుడ్డ తీసుకున్నాడు. నరసమ్మ భుజం మీద ఉన్న కెజియా అతన్ని నెత్తురు తుడవనిచ్చింది. తల తిప్పుకోలేదు.

'వెళ్ళింది' గడిలో టిక్కు పెట్టాను. ఎవరి దగ్గరికి అన్నచోట రెండు పేర్లు రాశాను.

అక్టోబరు 22

ఏడుగురు పిల్లలు, ఏడుగురు పెద్దలు, వాళ్ళతో నరసమ్మ. బస్సు మొదటి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి మిగిలిన ఆయాలకు ఏవేవో పురమాయిస్తూనే ఉంది. ఎవరికి జావలో ఉప్పు పడదో, ఎవరు ఎడమ పక్కకు తిరిగితేనే పడుకుంటారో.

అక్టోబరు 26

ధనుంజయరావు గారి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏటి నుంచి సూది రోజునే చూస్తారట, గది పరీక్ష ఉండదట. మంచిదే. ఆ పని మాత్రం నాకు ఇవ్వరట. తప్పించారు.

ఫోన్ చేసి నరసమ్మ ఖాళీలో నన్ను వెయ్యమన్నాను. ఆయన, "నువ్వు ఆయా పని చేస్తావా?" అన్నారు. ఐదుగురు పిల్లలున్నారు, ఇద్దరే ఆయాలు మిగిలారు, లెక్క మీరే వేసుకోండి అన్నాను.

నవంబరు 9

ఇప్పుడు రాయడానికి తీరిక దొరకడం లేదు. ఉతికిన గుడ్డలు కొండ మీద రెండు రోజులకు గానీ ఆరవు. ఐదుగురిలో ఒకడు నన్ను కొరుకుతున్నాడు. ముగ్గురు నా వైపు చూడరు. ఐదోది నిన్న నా చెప్పు ఎత్తుకెళ్ళి దాచింది.

దిగువన మళ్ళీ వేడిగాలి అని నాలుగు రోజులుగా రేడియోలో చెబుతున్నారు. నలభై రెండు. ఈ నాలుగు రోజులూ పిల్లలకు తినిపిస్తూ ఫోను మోగుతుందేమోనని వింటూనే ఉన్నాను. ఇవాళ మధ్యాహ్నం మోగింది. పిడుగురాళ్ళ. చెయ్యి తుడుచుకోకుండానే ఎత్తాను.

"మేడమ్, ఏసోబుని." గొంతు రొప్పుతోంది. "సలోమి కన్నది, మగపిల్లోడు, పది రోజులాయె. అది కాదు చెప్పేది. ఇయ్యాల ఎండకి కెజియాకి ఒళ్ళు కాలిపోయింది. పట్టీ మోగనే లేదు. నరసమ్మ వాకిట్లో పడుకొనుంది, సలోమి పిల్లోడికి పాలిస్తా ఉంది. నేను లోపల తాళ్ళు పేనుతున్నా. వచ్చి నా వీపు మీద గుద్దింది మేడమ్. రెండు చేతుల్తో."

"ఏడ్చిందా?" అన్నాను.

"ఏడవటమా? వీధి వీధంతా వచ్చి మా వాకిట్లో నిలబడింది. తడిబట్ట చుట్టాం, ఇప్పుడు తగ్గింది. ఇంకా ఏడుస్తానే ఉంది. ఇనండి."

ఫోను పిల్ల దగ్గర పెట్టాడు. విన్నాను.